హాజరు గడిలో పడ్డ జిప్పులు

నేను దిగిపోయాక నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి పోయిన నెల ఫోన్ చేసింది. "ఆంటీ, ఈ ఫారంలో హాజరు అని ఒక గడి ఉంది కదా, ఒళ్లో పసిపిల్లల్ని కూడా లెక్కపెట్టాలా?" అని అడిగింది. నాకు నవ్వాగలేదు. "పసిపిల్లల్ని పెట్టినా ఫర్వాలేదు తల్లీ, జిప్పుల్ని మాత్రం లెక్కపెట్టకు" అన్నాను. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. "జిప్సా? వాట్ జిప్స్, ఆంటీ?" అంది అయోమయంగా. ఫోన్లో చెప్పే కథ కాదది. ఆ అమ్మాయి కోసం, ఆమెలాగే రేపు మందిరాల ఆఫీసుల్లో రిజిస్టర్లు ముందేసుకుని కూర్చోబోయే మీ అందరి కోసం తీరిగ్గా రాస్తున్నాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పట్లో మాత్రం నాకు నవ్వు రాలేదు.

సింగపూర్లో ఓ చిన్న తెలుగు క్రైస్తవ సంఘానికి నేను పన్నెండేళ్లు ఆఫీసు గుమస్తాగా పనిచేశాను. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక బల్ల, ఒక బీరువా, బుద్ధి పుట్టినప్పుడు మాత్రమే పనిచేసే ఒక ప్రింటరు. మందిరం కూడా మాది కాదు. లిటిల్ ఇండియా వెనక సందులో ఉన్న పాత చర్చి అది. దాని బాగోగులు చూసేది చైనీస్ పెద్దల కమిటీ. ఆదివారం పొద్దున వాళ్ల ఆరాధన, తర్వాత తమిళంవాళ్లది, రెండు నుంచి నాలుగు వరకు కింద చిన్న హాల్లో మాది. హాలు వెనకే ఒక వరండా.

మేము ఎంతమందిమి అంటారా? ముప్పై అయిదుకూ నలభైకీ మధ్య. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, చాంగీ బిజినెస్ పార్కులో ఉద్యోగాలు చేసుకునే జంటలు, నాలుగైదు పాత కుటుంబాలు. ప్రతి ఆదివారం గుమ్మం పక్కన నిలబడి తలలు లెక్కపెట్టి నోటుబుక్కులో ఎక్కించడం నా పని. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని అందరూ అనేవాళ్లు. వాళ్లు అనకపోతే నేనే గుర్తుచేసేదాన్ని.

ఆ లెక్కకు ప్రాణం మీదికి తెచ్చేంత విలువ ఎందుకొచ్చిందంటే, కమిటీ ఆరునెలలకోసారి ఒక ఫారం పంపేది. ఆ ఏడాది ఫారంతో పాటు పాస్టరు గారిని పిలిచి ఉన్నమాట చెప్పేశారు. రెండువందల మంది ఉన్న ఇంకో సంఘం చోటు కోసం ఎదురుచూస్తోందట. మా హాజరు యాభై కంటే తక్కువ ఉంటే కొత్త సంవత్సరం నుంచి మా సమయం వాళ్లకు వెళ్లిపోతుందట.

మా పాస్టరు గారు నాకంటే పదిహేనేళ్లు చిన్న. మంచి మనిషి, కంగారు మనిషి. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆయనకు కుర్చీల పిచ్చి పట్టింది. హాలు నిండుగా కనబడాలని కుర్చీలను దూరం దూరంగా వేయించేవారు. పాటల పుస్తకం పక్కవాళ్లకు ఇవ్వాలంటే లేచి నడవాల్సి వచ్చేది. "అక్కగారూ, ఇప్పుడు చూడండి, నిండుగా లేదూ?" అని అడిగేవారు. "కల్యాణ మండపంలా ఉందండీ, పెళ్లివారే రాలేదు" అనేదాన్ని.

ఇక జిప్పుల సంగతి.

మా సంఘంలో ఒకావిడ ఉండేది. అనంతపురం వైపు మనిషి. నాకంటే నాలుగేళ్లు పెద్ద. బిషాన్‌లో కొడుకు ఫ్లాట్‌లో ఉండేది. అందరికీ కుట్టు ఆంటీ, నాకు అక్క. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మంచినీళ్ల కోసం ఒకతను వరండాలోకి వచ్చాడు. నిర్మాణం పనిలో ఉన్న మనిషి, నిజామాబాద్ వైపు. చేతిసంచిని నడుం ముందు అడ్డంగా పట్టుకుని వదలడు. సంగతేమిటని అక్క గట్టిగా అడిగితే బయటపడింది. రెండేళ్ల తర్వాత మర్నాడు ఊరికి బయల్దేరుతున్నాడు. కొత్త ప్యాంటు కొని, సరదా ఆగక అక్కడే తొడుక్కున్నాడు. జిప్పు ఊడి చేతికొచ్చింది. సెరంగూన్ రోడ్డులో దర్జీలందరి దగ్గరికీ వెళ్లాడు. ఆదివారం రద్దీ కదా, మంగళవారం రమ్మన్నారు. మంగళవారం అతను పెళ్లాం ముందు నిలబడాలి!

అక్క ఆ పూట ఏదో సూదీ దారంతో సర్ది పంపింది. తర్వాతి ఆదివారం మాత్రం కుట్టు మిషను తెచ్చింది. కూరగాయల ట్రాలీలో పెట్టుకుని, సెరంగూన్‌లో రైలు మారి, లాక్కుంటూ వచ్చింది. అతని స్నేహితులు ఏడుగురు అప్పటికే వరండాలో కూర్చుని ఉన్నారు. నెల తిరిగేసరికి మిషన్లు మూడయ్యాయి, కుట్టే ఆడవాళ్లు అయిదుగురయ్యారు. నాలుగింటి నుంచి ఆరింటి దాకా జిప్పులు, గుండీలు, ప్యాంట్ల పొడవు తగ్గించడాలు, ఊళ్లో పిల్లల కోసం అంచనా మీద కొన్న గౌన్లకు మడత కుట్లు. వచ్చేవాళ్లలో మా మతంవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకసారి అయ్యప్ప మాల వేసుకున్నతను నల్ల లుంగీ అంచు కుట్టించుకోవడానికి వచ్చాడు. పాస్టరు గారు నా వైపు చూశారు, నేను అక్క వైపు చూశాను. అక్క తలెత్తకుండా "నల్ల దారం ఇట్లియ్యిమే" అంది. అంతటితో ఆ చర్చ ముగిసింది.

నిజం చెప్పొద్దూ, నాకు మొదట్లో ఈ వ్యవహారం చిరాగ్గా ఉండేది. నేలంతా దారాలు, చెవులు చిల్లులు పడేలా మిషన్ల మోత. వరసలో గొడవలు రాకుండా అట్టముక్కల మీద అంకెలు వేసి టోకెన్లు ఇచ్చే పని కూడా నా నెత్తినే పడింది. సరేలెమ్మని అదే నోటుబుక్కులో ఎడమ పేజీలో తలలు, కుడి పేజీలో బట్టలు రాసుకునేదాన్ని. అక్కడే మునిగింది కొంప.

ఫారం పంపే రోజు నా కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి. ఉన్నాయంటే, ఆ అద్దాల్లో మరీ ముసలిదానిలా కనిపిస్తున్నానని కావాలనే వదిలేసి వచ్చాను. ఎడమ పేజీలో ఆదివారం సగటు ముప్పై ఏడు. కుడి పేజీలో ఆ నెల కుట్టిన బట్టలు మొత్తం నూట నలభై మూడు. నేను నా ముత్యాల్లాంటి దస్తూరీతో హాజరు గడిలో నూట నలభై మూడు అని రాసి, సంతకం చేయించి, పంపేశాను. పాస్టరు గారు కూడా చదవకుండా సంతకం పెట్టారు. నా మీద అంత నమ్మకం మరి!

పది రోజుల్లో జవాబొచ్చింది. పాస్టరు గారు ఉత్తరం పైకి చదవడం మొదలుపెట్టారు. ఇంత ఎదుగుదల చూసి కమిటీ ఎంతో సంతోషించిందట. ఇంతమందికి కింది హాలు చాలదు కాబట్టి పై అంతస్తులో పెద్ద హాలు ఖాళీ అవుతోంది, అది మీకే ఇద్దామనుకుంటున్నారట. వచ్చే ఆదివారం కమిటీ అధ్యక్షురాలు స్వయంగా వచ్చి చూస్తారట. చదవడం ఆపి ఆయన నన్ను చూశారు.

"అక్కగారూ, ఏంటిది? నూట నలభై మూడు మంది ఎక్కడున్నారు మనకి?"

నోటుబుక్కు తెరిచాను. "మనుషులు కాదండీ" అన్నాను. "బట్టలు."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. ఇప్పుడే ఫోన్ చేసి పొరపాటు జరిగిందని చెబుతానన్నాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. చెబితే ముప్పై ఏడని బయటపడుతుంది. హాలు పోతుంది. హాలుతో పాటు వరండా పోతుంది. "అబద్ధం ఆడొద్దు అక్కగారూ. కానీ నిజం చెప్పడానికి అంత తొందరేముంది? ఆదివారానికి ఇంకా ఆరు రోజులుంది. దేవుడు తలుచుకుంటే నూట నలభై మందిని పంపలేడా?" అన్నారు. నేను నవ్వాలో ఏడవాలో తెలియక తల ఊపాను.

దేవుడికి ఆ శ్రమ ఎందుకని నేనే పూనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది, అయినా చెప్పాలి. కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ల ఫోన్ గ్రూపులో ఒక కబురు పెట్టాను. "ఈ వారం టోకెన్లు నాలుగింటికి వరండాలో ఇవ్వం. రెండింటికి హాల్లో ఇస్తాం. ప్రార్థన అయ్యేదాకా కూర్చున్నవాళ్లకే కుట్టుపని." పంపాక నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ కబురు అక్క చెవిన పడింది. ఆదివారం ఒంటిగంటకే వచ్చి ఆఫీసు గుమ్మంలో నిలబడింది. ఆవిడ కోపం నేను చూడటం అదే మొదలు.

"ఏందిమే నువ్వు చేసింది? కుట్టాలంటే కూర్చోవాల్నా? కూర్చుంటేనే జిప్పా?"

"హాలు పోతుందక్కా. హాలు పోతే నీ మిషన్లు ఎక్కడ పెట్టుకుంటావు?"

"యాడన్నా పెట్టుకుంటా. ఫ్లాట్ల కింద పెట్టుకుంటా, చెట్టు కింద పెట్టుకుంటా. వాళ్లకుండేది వారంలో ఒక్క పూట. దాన్ని ఎర ఏసి లాక్కుంటాండావే, నీకు మనసెట్లొచ్చింది?" అంది. "ఆ టోకెన్లు నీ చేతిలో ఉన్నంతసేపు నేను మిషను మూత తీయను. చెప్తాండా."

వరండాలోకి వెళ్లి మూత వేసిన మిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. మిగతా నలుగురు ఆడవాళ్లు కూడా చేతులు కట్టుకుని పక్కనే కూర్చున్నారు. అప్పటికే జనం రావడం మొదలైంది.

ఎంతమంది వచ్చారో! సంచులు పట్టుకుని, తలలు దువ్వుకుని, చెప్పులు గుమ్మం బయట వరసగా విడిచి ఒక్కొక్కరే లోపలికొచ్చారు. చెప్పులు విప్పక్కర్లేదని చెప్పినా వినలేదు. పాస్టరు గారు దూరం దూరంగా వేయించిన కుర్చీల మధ్య ఇంకో రెండు వరసలు పట్టాయి. అయినా చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారు. అందరి చేతుల్లో నా అట్టముక్కలు. పాస్టరు గారి మొహం చేటంత అయింది, ఆ వెంటనే పాలిపోయింది. మనసులో ఏముందో ఆ మొహం ఎప్పుడూ దాచుకోలేదు.

కమిటీ పెద్దావిడ సరిగ్గా రెండింటికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, భుజానికి గుడ్డసంచి. ఒకప్పుడు బడిలో హెడ్మిస్ట్రెస్. ముందు వరసలో ఆవిడ కోసం వేసిన మెత్తటి కుర్చీని చూసి, "నో లా, ఐ సిట్ బిహైండ్" అని సింగపూర్ యాసలో అంటూ వెళ్లి వెనక వరసలో ఇద్దరు పనివాళ్ల మధ్య కూర్చుంది. అందులో ఒకరు మన నిజామాబాద్ అతనే. ఊరికి వెళ్లి తిరిగొచ్చాడు, ఈసారి రెండు ప్యాంట్లతో.

పాట పాడుతున్నాం. ఆవిడ అతన్ని ఏదో అడగడం, అతను ఉత్సాహంగా జవాబు చెప్పడం, ఆవిడ కనుబొమలు పైకి వెళ్లడం అన్నీ గుమ్మం దగ్గర్నుంచి చూస్తున్నాను. పాట అయ్యాక పాస్టరు గారు ఆవిడను రెండు మాటలు చెప్పమన్నారు. ఆవిడ ఉన్నచోటే లేచి నిలబడి ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

"ఈ తమ్ముణ్ణి అడిగాను, ప్రతి వారం వస్తావా అని. ప్రతి వారం వస్తానన్నాడు. ఇక్కడ నీకు అన్నిటికంటే ఏది ఇష్టం అని అడిగాను. జిప్పు మేడమ్ అన్నాడు." ఆవిడ చుట్టూ చూసింది. "నాకు ఎవరైనా వివరిస్తారా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఆ నవ్వు వరసలన్నిటికీ పాకిపోయింది. నిజామాబాద్ అతను మాత్రం బిత్తరపోయి నన్ను చూసి, "నేనేమన్న తప్పు మాట్లాడిన్నా ఆంటీ?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నా బింకం అంతా కరిగిపోయింది. ముందుకు నడిచాను. "నువ్వు తప్పు మాట్లాడలేదు నాయనా, తప్పు నాది" అని, ఆవిడ వైపు తిరిగి నాకొచ్చిన ఇంగ్లీషులో అంతా చెప్పేశాను. మేము నూట నలభై మూడు మందిమి కాము, ముప్పై ఏడుగురమే. ఆ నూట నలభై మూడు కుట్టిన బట్టలు. ఎడమ పేజీకి బదులు కుడి పేజీ చూశాను. అది పొరపాటు. కానీ ఇవాళ ఈ కుర్చీలు నింపింది పొరపాటు కాదు, నేను కావాలని చేసిన పని. వీళ్లకు జిప్పులు ఎర వేశాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ గొంతు మాత్రం గట్టిగానే పలికింది.

పాస్టరు గారు పుల్పిట్ దిగి వచ్చి నా పక్కన నిలబడి అందరి వైపూ తిరిగారు. "ఆమె ఆ రోజే చెబుతానంది. ఆపింది నేను. హాలు పోతుందని భయపడ్డాను. వారం రోజులుగా ఈ హాలుకు కాపరిగా ఉన్నాను, మీకు కాదు. క్షమించండి" అన్నారు. ఆ ఏడాది ఆయన చెప్పిన ప్రసంగాల్లో అదే చిన్నది, అదే గొప్పది. ఈ మాట ఆయనకు కూడా చాలాసార్లు చెప్పాను.

నేను పళ్లెం పట్టుకుని వరసల మధ్య తిరిగి టోకెన్లన్నీ వెనక్కి తీసుకుని చెత్తబుట్టలో పడేశాను. "ఎప్పటిలాగే నాలుగింటికి వరండాలో కుడతారు. వెళ్లాలనుకున్నవాళ్లు హాయిగా వెళ్లి టీ తాగి రండి" అని చెప్పాను. సగం మంది లేచి వెళ్లారు. మిగతా సగం కూర్చునే ఉన్నారు. భక్తితోనే అనుకోకండి, హాల్లో ఏసీ చల్లగా ఉంది. ఎంతమంది ఉన్నారో నేను లెక్కపెట్టలేదు, ఒట్టు. సరే, పెట్టాను. నలభై ఆరు.

నాలుగింటికి వరండాలోకి వెళ్లేసరికి అక్క మిషను మూత తీసేసి బాబిన్‌కు దారం చుడుతోంది. నన్ను చూసి పక్కనున్న స్టూలు కాలితో నా వైపు జరిపింది. అంతే, మా మధ్య రాజీ కుదిరింది. టోకెన్లు లేకపోయినా ఆ రోజు వరసలో ఒక్క గొడవా రాలేదు. ఎవరు ముందొచ్చారో వాళ్లకే గుర్తుంది. "అన్నా, నువ్వు నాకంటే ముందొచ్చినవ్, పో" అని వాళ్లలో వాళ్లే సర్దుకున్నారు. ఇన్ని నెలలు నేను అట్టముక్కలు కత్తిరించింది దేనికో మరి!

కమిటీ పెద్దావిడ వెళ్లిపోలేదు. వరండా గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. తర్వాత గుడ్డసంచి పక్కన పెట్టి, "బ్లేడ్ ఉందా?" అని అడిగింది. వాళ్లమ్మ పాతకాలంలో ఇంటి ముందు గదిలో బట్టలు కుట్టి పిల్లల్ని పెంచిందట. చిన్నప్పుడు బడినుంచి రాగానే కుట్లు విప్పడం ఈవిడ పనట. ఆ రోజు ఆరింటి దాకా కింద కూర్చుని, పాడైన జిప్పుల కుట్లు ఒక్కొక్కటే విప్పి అక్కకు అందించింది. గుడ్డకు ఒక్క గాటు పడలేదు. అక్క ఒక ప్యాంటు వెలుతురులో పెట్టి చూసి, "బలే విప్పుతాదే ఈ యమ్మ!" అంది. నేను అనువదిస్తే ఆవిడ చిన్నపిల్లలా సిగ్గుపడింది.

మధ్యలో ఆవిడ అక్కను ఒక ప్రశ్న అడగమంది. "వీళ్లెవరూ మీ సంఘంలో చేరరు కదా. మరి ఎందుకు చేస్తున్నారు?"

నేను తెలుగులో అడిగాను. అక్క మిషను ఆపకుండానే, "చినిగినదాన్ని కుట్టేకి సంఘంలో చేరాల్నా?" అంది.

ఆవిడకు అనువదించి చెప్పాను. ఆవిడ బ్లేడు పక్కన పెట్టి నాతో అంది. "ఎన్నో ఏళ్లుగా ఈ ఫారాలు నేనే చదువుతున్నాను. ఎంతమంది వచ్చారని అడిగాను. వచ్చినవాళ్లు ఎవరికి ఏం చేశారని ఒక్కసారీ అడగలేదు. ఫారంలో ఆ గడి లేదు. ఆ ఫారం తయారుచేసింది కూడా నేనే. అయ్యో లా!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వులో నాకు సగం ప్రాణం తిరిగొచ్చింది. హాలు సంగతి మాత్రం ఆవిడ ఎత్తలేదు, నాకు అడిగే ధైర్యం లేదు.

మూడు వారాలు ఉగ్గబట్టుకుని ఉన్నాం. పాస్టరు గారు మళ్లీ కుర్చీలు దగ్గరగా వేయించేశారు. పోతే పోయింది, ఉన్నన్నాళ్లూ ఒకరి పక్కన ఒకరం కూర్చుందాం అన్నారు. ఆ మూడు వారాల్లో మా పాట ఎప్పుడూ లేనంత బాగా కలిసింది. చాంగీలో ఉద్యోగాలు చేసే పిల్లలు ఇద్దరు గుండీల కాజాలు తీయడం నేర్చుకుంటామని అక్క వెనక పడ్డారు. రోజంతా కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు, సూదిలో దారం ఎక్కించడానికి పావుగంట పట్టింది!

ఉత్తరం వచ్చిన రోజు పాస్టరు గారు చింపడానికి జంకి నా చేతికిచ్చారు. ఈసారి కళ్లద్దాలు పెట్టుకునే చదివాను. పై అంతస్తు పెద్ద హాలు మాకు ఇవ్వడం లేదు. అది ఆ రెండువందల మంది సంఘానికి ఇస్తున్నారు. కింది హాలు, వెనక వరండా మావే. ఇకమీదట ఆదివారం వరండా మాకు ఆరింటిదాకా కాదు, ఏడింటిదాకా. కింద పెద్దావిడ సొంత చేతిరాతతో ఒక వాక్యం చేర్చింది. పై అంతస్తులో వరండా లేదు, అందుకే మిమ్మల్ని పైకి పంపడం లేదు అని. పాస్టరు గారు ఆఫీసులోనే నన్ను పట్టుకుని ఏడ్చేశారు. నేనేమో ఏడుస్తూ నవ్వుతూ, "ఊరుకోండి, ప్రింటరు మీద నీళ్లు పడతాయి" అన్నాను.

ఫారం మారిందనుకుంటున్నారేమో, మారలేదు. పాత ఫారాలు బోలెడు మిగిలిపోయాయట. తర్వాతి ఆరునెలలకు హాజరు గడిలో ముప్పై తొమ్మిది అని రాశాను. కింద అంచున ఖాళీ ఉంటే, "కుట్టిన బట్టలు, ఈ నెల: నూట యాభై ఆరు" అని చేర్చాను. ఫారం నకలు తిరిగొచ్చినప్పుడు ఆ అంచు పక్కన ఎర్ర పెన్సిల్తో టిక్కు, దాని పక్కన "చేతిరాత చాలా బాగుంది" అని ఉంది. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. బంగారం పక్కన.

నేను దిగిపోయి రెండేళ్లు. ఆదివారాలు వరండాలోనే ఉంటాను. నన్ను ఫారాల జోలికి గానీ నోటుబుక్కు జోలికి గానీ ఎవరూ రానివ్వరు. జిప్పులు కూడా నాకివ్వరు. జిప్పు కుట్టడానికి చెయ్యి తిరగాలి అంటుంది అక్క. నాకు అప్పగించింది గుండీల డబ్బా. గత ఆదివారం పదకొండు గుండీలు కుట్టాను. ఎన్ని కుట్టావని ఎవరూ అడగలేదు. ఉండబట్టలేక మీకు నేనే చెబుతున్నాను.